కారుకు ఖాస్రా పహాణీ ఉండదు: పాత లగ్జరీ కారు యజమానుల చరిత్ర తీయడం ఎలా

భూమి కొనాలంటే నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మనవాళ్లు మొదట అడిగేది 1954-55 ఖాస్రా పహాణీలో, అంటే నాటి భూమి రికార్డులో ఎవరి పేరుందని. సేత్వార్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ వరుసగా పెట్టుకుని చూస్తారు. అదే మనిషి పాత రోల్స్ రాయిస్‌నో బ్యూక్‌నో చూడబోతే, "మా తాతకు నిజాం సర్కారు ఇనాం ఇచ్చిండు సార్" అన్న ఒక్క మాటకు బయానా (అడ్వాన్సు) ఇచ్చి వస్తాడు. కారుకు పహాణీ లేదు నిజమే. కానీ దాని వరుస కూడా కాగితాల మీద తీయొచ్చు. కాకపోతే ఒక్క ఆఫీసులో దొరకదు.

పద్ధతి సూటిగా చెప్తే ఇది: రెండు కొసల నుంచి తవ్వుకుంటూ రావాలి. ఇవాళ్టి ఆర్‌సీ పట్టుకుని వెనక్కి, ఫ్యాక్టరీ రికార్డు పట్టుకుని ముందుకి. రెండూ కలిసే చోట పేరు, తేదీ, నంబరు మూడూ సరిపోవాలి. కలవకపోతే మధ్యలో ఎన్నేళ్ల ఖాళీ ఉందో తెలుస్తుంది, దాన్ని బట్టి ధర మాట్లాడొచ్చు. రెండు కొసలకూ తాళంచెవి చాసిస్ (కారు అడుగు చట్రం) నంబరే. అందుకే కథ వినకముందే నంబరు తీయాలి. విన్నాక తీస్తే కళ్లు కథకు సరిపోయే అంకెలనే చదువుతాయి.

మొదటి పని: నంబర్లు తీయడం

సంచిలో పెట్టుకోవాల్సినవి: మంచి టార్చి, ఇత్తడి వైరు బ్రష్షు, పావు లీటరు కిరోసిన్ లేదా డీజిల్, పాత బనియన్ గుడ్డలు, ట్రేసింగ్ పేపరు, మెత్తటి 4బీ పెన్సిల్, మాస్కింగ్ టేపు, చేతి అద్దం, అయస్కాంతం, కొలత టేపు. గ్రైండరు, ఎమరీ పేపరు, స్క్రూడ్రైవరుతో గీకడం మాత్రం వద్దు. ఒకసారి గీకితే నంబరును ఎవరో దిద్దారా, మీరే చెరిపారా అన్నది ఇక తేలదు.

కనీసం నాలుగు చోట్ల చూడాలి. ఒకటి, బల్క్‌హెడ్ మీద, అంటే ఇంజన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ మీద బిగించిన ప్లేటు. రెండు, చాసిస్ ఫ్రేము మీదే కొట్టిన నంబరు. ఇది చాలా కార్లలో ముందు భాగంలో దొరుకుతుంది. స్టీరింగ్ బాక్సు దగ్గర, స్ప్రింగు బ్రాకెట్ల పక్కన, మందంగా పేరుకున్న గ్రీజు కింద వెతకండి. మూడు, ఇంజన్ క్రాంక్‌కేస్ మీది నంబరు. నాలుగు, బాడీ నంబరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ కంపెనీ చాసిస్, ఇంజన్ మాత్రమే అమ్మేది. పైన బాడీని బార్కర్, హూపర్, థ్రప్ అండ్ మేబర్లీ, విండోవర్స్ లాంటి కోచ్‌బిల్డర్లు కట్టేవాళ్లు. వాళ్ల ప్లేటు తలుపు గడప మీద ఉంటుంది. వాళ్ల జాబ్ నంబరు సీటు కింది చెక్క మీదనో, డోర్ ట్రిమ్ వెనకనో పెన్సిల్‌తోనో పంచ్‌తోనో రాసి ఉండొచ్చు. ట్రిమ్ ఊడదీయనిస్తే చూడండి. ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, అడిగిన విషయం మాత్రం నోట్ చేసుకోండి.

గుడ్డను కిరోసిన్‌లో తడిపి గ్రీజు మీద పది నిమిషాలు ఆనించి ఉంచండి. తర్వాత బ్రష్షుతో ఒకే వైపుకు తోయండి. ఆరాక ట్రేసింగ్ పేపరును టేపుతో అంటించి, పెన్సిల్ పడుకోబెట్టి రుద్దండి. ఆర్టీవో ఆఫీసు దగ్గర చాసిస్ ప్రింటు తీసేది ఇలాగే. ఆ తర్వాత టార్చిని పక్క నుంచి, ఫ్రేముకు దాదాపు ఆనేలా పెట్టి ఫొటో తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే లోతులు కనబడవు.

ప్రింటులో ఏం చూడాలి? చేతి పంచ్‌తో కొట్టిన అంకెలు ఒక్క గీతలో ఉండవు, లోతులూ కొంచెం తేడాగా ఉంటాయి. అందులో అనుమానించాల్సింది లేదు. అనుమానించాల్సినవి వేరే: అంకెల చుట్టూ ఫ్రేము పల్లంగా ఉండటం (పాతది రాకి కొత్తది కొట్టారు), అంకెల వెనక వేరే అంకె నీడలా కనబడటం, చుట్టూ వెల్డింగ్ కుట్టు కనబడటం (నంబరున్న ముక్కను కోసి అతికించారు), అయస్కాంతం అక్కడ పట్టకపోవడం (పుట్టీ పూసి ఉంది). బల్క్‌హెడ్ ప్లేటు తుప్పుపట్టి, దాని రివెట్లు మాత్రం మెరుస్తుంటే ఆ ప్లేటు ఈ మధ్యే అక్కడికి వచ్చిందని అర్థం. ప్లేటు ఒక నంబరు, ఫ్రేము మరో నంబరు చెప్తే ఫ్రేమునే నమ్మాలి.

ఇంజన్ నంబరు తేడా వస్తే అంతమాత్రాన దొంగ కారు అనుకోవద్దు. పెట్రోలు ఖర్చు భరించలేక పెద్ద అమెరికన్ కార్లలో డీజిల్ ఇంజన్ దించిన కాలం ఒకటుంది. పెర్కిన్స్ నుంచి మటడోర్ దాకా ఏది దొరికితే అది ఎక్కించారు. మార్పును ఆర్‌సీలో ఎక్కించారా లేదా అన్నదే మీ ప్రశ్న. ఎక్కించి ఉంటే అది చరిత్రలో ఒక తేదీ, దాని పక్కన అప్పటి యజమాని పేరూ దొరుకుతుంది. ఎక్కించకపోతే కాగితం ఒక కారుది, ఇనుము ఇంకో కారుది అయ్యే అవకాశం ఉంది. తుక్కుగా పోయిన కారు ఆర్‌సీని దాచుకుని, కాగితాల్లేని ఇంకో బండికి తగిలించడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే పాత మోసం.

ఇంట్లో కాగితాలు

అమ్మేవాళ్లను "ఆర్‌సీ ఉందా" అని మాత్రమే అడిగితే ఆర్‌సీ మాత్రమే చూపిస్తారు. ట్రంకు పెట్టె మొత్తం చూస్తామని అడగండి. పాత ట్యాక్స్ టోకెన్లు, ఇన్సూరెన్స్ రశీదులు, యుద్ధకాలపు పెట్రోలు రేషన్ కూపన్లు, షెడ్డు బిల్లులు, టైర్ల బిల్లులు, బ్యాంకు ఉత్తరాలు. బండి నంబరు, తేదీ, పేరు మూడూ ఉన్న ప్రతి చీటీ ఒక మైలురాయి. పాత ఇన్సూరెన్స్ పాలసీల్లో చాసిస్, ఇంజన్ నంబర్లు రెండూ ఉంటాయి కాబట్టి వాటి విలువ ఎక్కువ.

నిజాం కాలపు కాగితాల దగ్గర మూడు చోట్ల పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది ఏడాది. హైదరాబాద్ రాజ్యం లెక్కలు ఫస్లీ అనే రెవెన్యూ ఏడాదిలో ఉండేవి. ఏడాది ఆజూర్ నెలతో అక్టోబరులో మొదలవుతుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తేదీలకు 590 కలపండి, జనవరి దాటాక 591. అంటే 1345 ఫస్లీ 1935 అక్టోబరులో మొదలై 1936లోకి వస్తుంది. అదే 1345ను హిజ్రీ అనుకుంటే 1926-27 అవుతుంది. తొమ్మిదేళ్ల తేడా! తొమ్మిదేళ్లు పాతదని చెప్తే ధర పెరుగుతుంది కాబట్టి ఈ పొరపాటు ఎప్పుడూ అమ్మేవాడి వైపే మొగ్గుతుంది. నెల పేరు చూస్తే తగువు తీరుతుంది. ఆజూర్, దై, బహ్‌మన్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్ అని ఉంటే ఫస్లీ. మొహర్రం, సఫర్, రజబ్ అని ఉంటే హిజ్రీ.

రెండోది అంకెలు. ఉర్దూ ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, అసలు సున్నా ఉత్త చుక్క. ఏడు ఇంగ్లిషు వీ అక్షరంలా, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టు ఉంటుంది. రెండు, మూడు మధ్య తేడా ఒక్క పంటి గీత. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివినా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే. బండి నంబరు తిరగేసి రాసుకుని నెలలు వెతికి అలసిపోవడం దీనివల్లే. చేతిరాత షికస్తాలో (గొలుసుకట్టు రాతలో) ఉంటే మాత్రం ఉర్దూ పేపరు చదివే మిత్రుడి వల్ల కాదు. పాత దస్తావేజులు చదవడం అలవాటున్న మనిషిని పట్టుకోండి.

మూడోది డబ్బు. ధర "రూ." అని ఉంటే అది నిజాం రూపాయి హాలీ సిక్కానా, బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారా అన్నది చూడాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌లకు సమానం. బొంబాయి డీలరు బిల్లు కల్దార్‌లో, ఇంటి ఖర్చు లెక్క హాలీలో ఉంటే రెండు అంకెలూ కలవవు. కలవనందుకు రెండు కార్లు అనుకోవద్దు.

ఆర్టీవో వైపు నుంచి వెనక్కి

ఇప్పటి ఆర్‌సీ మీది పేరు చివరి లంకె. దాని వెనక ఉన్నవాళ్లు ఆఫీసు రిజిస్టరులో ఉంటారు. మన దగ్గర దాన్ని బి రిజిస్టరు అంటారు. బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ అడిగితే ఆ బండి మొదటి నమోదు, యజమాని మార్పులు, హైర్ పర్చేజ్ (ఫైనాన్స్ అప్పు) ఎక్కిన రోజు, తీసిన రోజు కనబడతాయి. భూమికి ఈసీ ఎలాగో బండికి ఇది అలాంటిది. దరఖాస్తు అమ్మేవాళ్ల పేరుతోనే పెట్టించండి. మీరు పెడితే మూడో వ్యక్తి సమాచారం అని ఆపొచ్చు. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడిగినా అదే అడ్డు రావచ్చు. ఆర్‌టీఐలో జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి బేరం తేదీ దానికి తగ్గట్టు పెట్టుకోండి.

ఏ ఆఫీసు అన్నది ఇక్కడ తల తిరిగే విషయం. నంబరు ప్లేటునే దారిచూపేదిగా వాడుకోండి. 1989 జులై 1 తర్వాతి నంబరైతే ఏపీ-24 నల్లగొండ, ఏపీ-22 మహబూబ్‌నగర్. తెలంగాణ వచ్చాక టీఎస్-05 నల్లగొండ, టీఎస్-06 మహబూబ్‌నగర్, టీఎస్-29 సూర్యాపేట, టీఎస్-30 యాదాద్రి భువనగిరి, టీఎస్-31 నాగర్‌కర్నూల్, టీఎస్-32 వనపర్తి, టీఎస్-33 గద్వాల, టీఎస్-38 నారాయణపేట. 2024 నుంచి టీజీ. 1989కి ముందువి మూడు ఇంగ్లిషు అక్షరాలతో ఉండేవి. అంతకంటే పాత కారుకు ఒకే బతుకులో రెండు మూడు నంబర్లు మారి ఉంటాయి. అందుకే ఆర్‌సీలో పాత నంబరు అన్న గడి ఖాళీగా ఉందో లేదో తప్పకుండా చూడండి. వేరే రాష్ట్రం తిరిగి వచ్చిన బండికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కాపీ లేకపోతే ఆ రాష్ట్రంలో గడిచిన ఏళ్లు చీకట్లోనే ఉంటాయి.

2016లో జిల్లాలు విడిపోయాక రిజిస్టర్లు పాత జిల్లా కేంద్రంలో ఉన్నాయా, కొత్త చోటికి వెళ్లాయా అన్నది రెండు చోట్లా అడగాల్సిందే. కంప్యూటరులో "రికార్డు లేదు" అంటే బండి నకిలీ అని కాదు. చేతిరాత రిజిస్టరు కంప్యూటరులోకి ఎక్కలేదని కూడా కావచ్చు. జవాబును నోటితో కాదు, కాగితం మీద తీసుకోండి.

ఆర్‌సీ గడువు తీరడం వేరు, హక్కు పోవడం వేరు. ముప్పై ఏళ్లుగా షెడ్డులో నిలబడిన కారు ఆర్‌సీ కాలం చెల్లి ఉంటుంది, యజమాని మాత్రం యజమానే. ఆర్‌సీ నమోదు కాగితమే తప్ప పట్టా కాదు, కారు చరాస్తి. అమ్మేవాడికి లేని హక్కు మీకు రాదు. కాబట్టి ఆర్‌సీ చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంటే, "ఇంట్లో నేనే పెద్దోణ్ణి" అనే మనిషి ఒక్కడి సంతకం చాలదు. మరణ ధ్రువపత్రం, మీసేవలో వచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అందులో పేరున్న ప్రతి ఒక్కరి సమ్మతి కావాలి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల సంతకాలు వదిలేయడం మామూలు. ఆ తర్వాత కోర్టుకెళ్లడం కూడా మామూలే. వారసుల పేరు మీదికి మార్పు ఫారం 31తో మొదట జరగాలి, ఆ తర్వాతే మీకు అమ్మకం.

ఫ్యాక్టరీ వైపు నుంచి ముందుకి

ఇక్కడ అన్ని కంపెనీలూ ఒకటి కాదు. రోల్స్ రాయిస్ అదృష్టవంతుల కారు. ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీలో హంట్ హౌస్ అనే చోట రోల్స్ రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్ ఉంది. చాసిస్ కార్డుల కాపీలు ఫీజు తీసుకుని పంపుతారు. కార్డులో ఆర్డరు ఇచ్చినవారి పేరు, కోచ్‌బిల్డరు, తేదీలు, పంపిన వివరాలు ఉంటాయి. జాగ్వార్, డెయిమ్లర్ అయితే జాగ్వార్ డెయిమ్లర్ హెరిటేజ్ ట్రస్టు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఇంజన్ నంబరు, బాడీ నంబరు, మొదటి రంగు, బయటికెళ్లిన తేదీ, డీలరు వస్తాయి. మెర్సిడెస్‌కు స్టుట్‌గార్ట్‌లో కంపెనీ ఆర్కైవ్ ఉంది. కాడిలాక్‌కు జనరల్ మోటార్స్ బిల్డ్ షీట్లు (తయారీ వివరాల కాగితాలు). ప్యాకార్డ్ అయితే బల్క్‌హెడ్ ప్లేటు మీదే డీలరు పేరు, ఊరు, డెలివరీ తేదీ కొట్టేవాళ్లు, సగం పని అక్కడే అయిపోతుంది. బ్యూక్, షెవర్లేలకు అంత వివరం ఆశించొద్దు. పైగా జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో అసెంబ్లీ ఫ్యాక్టరీ పెట్టింది కాబట్టి అమెరికా పుట్టుక తేదీకీ ఇక్కడ రోడ్డెక్కిన తేదీకీ తేడా ఉంటుంది.

ఉత్తరం రాసేటప్పుడు కథ రాయొద్దు. చాసిస్, ఇంజన్ నంబర్లు, మీ పెన్సిల్ ప్రింటు ఫొటో, కారు నాలుగు వైపుల ఫొటోలు, "రికార్డులో ఉన్నదంతా పంపండి" అన్న ఒక్క వాక్యం. "ఇది నిజాం కారేనా" అని అడిగితే అవునో కాదో రాస్తారు, మిగతాది రాయరు.

కార్డు వచ్చాక మోసపోయే చోటు ఇంకొకటుంది. మొదటి పేరు యజమానిది కాకపోవచ్చు. బొంబాయి, మద్రాసు ఏజెంటు తన పేరు మీద తెప్పించి, ఆర్నెల్లు షోరూములో ఉంచి అమ్మడం మామూలు. కాబట్టి కార్డు చాలాసార్లు రేవు దాకానే తోడొస్తుంది. రేవు నుంచి గడీ దాకా దారి మీరే వేసుకోవాలి.

కార్డులోని రంగును కారు మీద సరిచూడొచ్చు. యజమాని ఒప్పుకుంటే, డాష్‌బోర్డు కింద గానీ బూట్ లోపల గానీ కనబడని చోట రెండు సెంటీమీటర్ల మేర 600 నంబరు వాటర్ పేపరుతో తడిపి, ఏటవాలుగా మెల్లగా రుద్దండి. చెట్టు వలయాల్లా పొరలు బయటపడతాయి. అడుగు పొర కార్డులో ఉన్న రంగు అయితే బాడీ కూడా అసలుదే అన్న నమ్మకం పెరుగుతుంది. అడుగున ఉత్త ప్రైమరు, ఆపైన ఒకే పొర ఉంటే రేకు మార్చారని గానీ మొత్తం గీకి వేశారని గానీ అర్థం.

మధ్యలో ఖాళీ: 1940ల నుంచి 1960ల దాకా

దక్షిణ తెలంగాణ కార్లకు దాదాపు ఎప్పుడూ తెగే చోటు ఇదే. కారణం చరిత్రలో ఉంది. 1946 నుంచి నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం, దొరలు గడీలు విడిచి హైదరాబాద్ చేరడం, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు. ఈ నాలుగైదేళ్లలో కార్లు చేతులు మారాయి, కాగితాలు తగలబడ్డాయి, కొన్నిటిని బంధువుల పేరు మీదికి నోటిమాటతో దాటించారు. కాబట్టి ఈ కాలంలో ఖాళీ ఉండటం సహజం. ఖాళీ అసలే లేకుండా అచ్చమైన వరుస చూపిస్తే, ఆ కాగితాలను రెండోసారి చూడండి.

వెతకాల్సిన చోటును అప్పటి సరిహద్దులు చెప్తాయి, ఇప్పటివి కాదు. గద్వాల, ఆలంపూర్ 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉన్నాయి. కొడంగల్ గుల్బర్గా కింద ఉండేది. కాబట్టి గద్వాల సంస్థానం కారు అంటే పాత కాగితం రాయచూరు వైపు ఉండొచ్చు, మహబూబ్‌నగర్‌లో లేదని వదిలేయకండి. మునగాల పరగణా ఇంకా తమాషా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో అది కృష్ణా జిల్లా కింద మద్రాసు ప్రెసిడెన్సీ. 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. మునగాల కారుకు ఉర్దూ కాగితాలు, ఫస్లీ తేదీతో హైదరాబాద్ నమోదు చూపిస్తే ముందు అనుమానపడి, తర్వాత కారణం అడగండి.

"మహారాజా వారి కారు" అన్న మాటను కూడా తూకం వేయాలి. వనపర్తి, గద్వాల, జటప్రోలు, ఆత్మకూరు, గోపాల్‌పేట సంస్థానాలు నిజాంకు లోబడినవి. నిజాం ఇచ్చిన కారు అంటే నిజాం కొన్న రికార్డు ఒకటి, ఇచ్చిన రికార్డు ఒకటి, రెండు కావాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఎందుకు తిరుగులేనిదంటే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (మహబూబ్‌నగర్‌కు ఆయన పేరే) ఆర్డరు, బార్కర్ కట్టిన బాడీ, కుటుంబం చేతిలోనే నిలిచిన బండి, మూడూ కలుస్తాయి. పేర్లతో కూడా జాగ్రత్త. వనపర్తిలో రామేశ్వరరావు అన్న పేరు తరాల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. తాత కాగితాన్ని మనవడికి, మనవడి కారును తాతకు అంటగట్టడం ఇలాంటి చోట సులువు. పేరు కాదు, తేదీ చూడండి.

ఖాళీ పూడ్చే కాగితాలు ఎక్కడుంటాయి? హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ, పారసీ దస్తావేజులున్నాయి. కానీ "కారు" అని అడిగితే ఏమీ రాదు. కుటుంబం పేరు, జాగీరు పేరు, ఫస్లీ ఏడాదితో అడగాలి. అంతకంటే తొందరగా ఫలితమిచ్చేది కోర్టు. పెద్ద కుటుంబాల్లో పంపకాల దావా వేయని ఇల్లు అరుదు. ఆ దావా పిటిషన్ వెనక ఆస్తుల షెడ్యూలులో చరాస్తుల కింద "మోటారు కారు, నంబరు ఫలానా" అని ఉంటుంది. దావా నంబరు, ఏడాది తెలిస్తే సర్టిఫైడ్ కాపీకి లాయరు ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు. మూడోది చాలామందికి తట్టనిది, పన్నుల ఫైలు. 1957 సంపద పన్ను చట్టం 2015 దాకా నడిచింది. 1953 నుంచి 1985 దాకా ఎస్టేట్ డ్యూటీ ఉండేది, అంటే ఆ మధ్య చనిపోయిన ఆస్తిపరుడి ఆస్తుల జాబితా ఒకటి తయారై ఉంటుంది. కుటుంబం పాత ఆడిటరు అటకమీద దాని నకలు ఉండొచ్చు. పన్నుకు భయపడి కారును తక్కువ ధరకు చూపించి ఉంటారు. ధరతో మనకు పని లేదు, నంబరు కావాలి.

ముప్పై ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సిన చోటు నుంచి వస్తే కోర్టు దాన్ని నిజమైనదిగా భావించే వీలు సాక్ష్య చట్టంలో ఉంది. అందుకే ఏ కాగితం ఎవరి ఇంట్లో, ఏ పెట్టెలో దొరికిందో తేదీతో రాసి ఉంచండి. కబాడీ దుకాణంలో దొరికిన ఆర్‌సీకీ, ఆ ఇంటి బీరువాలో దొరికిన ఆర్‌సీకీ బరువు ఒకటి కాదు.

ఫొటోలు, "షికారు కారు" గుర్తులు

పెళ్లి ఫొటోలో కారు ఉందని చూపిస్తారు. ఫొటోలో కారు ఉండటం ఒకటి, ఈ కారే ఉండటం ఇంకొకటి. నంబరు ప్లేటు చదవగలిగితే సరే. లేకపోతే బానెట్ పక్క గాలి చీలికలు లెక్కపెట్టండి, స్పేర్ చక్రం ఏ వైపు ఉందో, తలుపు కీలు ముందా వెనకా అన్నది చూడండి, దీపాల మధ్య దూరాన్ని రేడియేటరు వెడల్పుతో పోల్చండి. బ్యాడ్జీలు, బొమ్మలు, దీపాలు లెక్కలోకి తీసుకోవద్దు. అవి ఊడదీసి ఇంకోదానికి పెట్టేవి.

నల్లమల దగ్గరి కార్లకు తుపాకీ స్టాండ్లు, వేట దీపాలు చూపించి ధర పెంచడం ఈ మధ్య ఎక్కువైంది. బోల్టు తీయించి రంధ్రం అంచు చూడండి. పాత రంధ్రంలో పాత రంగు పొరలు లోపలికి దిగి, తుప్పు నల్లగా ఉంటుంది. కొత్త డ్రిల్లు రంధ్రం అంచున రంగు పెచ్చులుగా లేచి ఇనుము తెల్లగా కనబడుతుంది.

వరుస రాయడం

ఒక పెద్ద లెడ్జరు పుస్తకం తీసుకోండి. పేజీకి ఐదేళ్లు. కాగితం రుజువు చేసింది పెన్నుతో, మనుషులు చెప్పింది పెన్సిల్‌తో, తెలియనిది ఖాళీగా. పెన్ను రాతకు ఎదురుగా ఆ కాగితం నకలు సంఖ్య వేయండి. వృద్ధుల మాటలు తప్పకుండా రాయండి, పాత డ్రైవరు గుర్తుపెట్టుకున్న ఒక్క నంబరు మొత్తం ముడి విప్పొచ్చు. కానీ ఆయన మాటకు కాగితం దొరికేదాకా అది పెన్సిల్‌లోనే ఉండాలి. మనసు ఆగక పెన్సిల్‌ను పెన్నుతో దిద్దిన రోజు పుస్తకం కూడా బ్రోకరు మాటలాగే అయిపోతుంది.

బేరంలో ఈ పుస్తకమే మీ ఆయుధం. పెన్ను పేజీలకు డబ్బివ్వండి. పెన్సిల్ పేజీలకు టీ తాగండి, చాలు.

డబ్బు ఇచ్చే ముందు, ఇచ్చాక

బయానా కాగితంలో చాసిస్, ఇంజన్ నంబర్లు రెండూ, పెన్సిల్ ప్రింటు అతికించి, సంతకాలు దాని మీదుగా పోయేలా పెట్టించండి. వంద రూపాయల బాండు పేపరు మీద "పాత రోల్స్ రాయిస్ కారు ఒకటి" అని రాయించుకుంటే రేపు ఏ కారు అన్నది తేలదు. బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ కథకు విరుద్ధంగా వస్తే బయానా వాపసు అన్న షరతు రాయించండి. హైర్ పర్చేజ్ ఎక్కి ఉంటే, ఫైనాన్స్ కంపెనీ మూతబడి ముప్పై ఏళ్లయినా సరే, ఫారం 35తో అది తీయించే బాధ్యత అమ్మేవాడిదే అని రాయించండి. దొంగతనం రికార్డు ఉందేమో నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వాహన విచారణలో ఒకసారి చూడండి.

అమ్మకం ఫారం 29, ఫారం 30తో. తర్వాత వింటేజ్ నమోదు గురించి ఆలోచించొచ్చు. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి నమోదు నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి అది దొరుకుతుంది. దరఖాస్తు ఫారం 20. దానితో ఇన్సూరెన్స్, ఇక్కడ నమోదైన బండికి పాత ఆర్‌సీ, విదేశం నుంచి తెచ్చినదానికి బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం). కొత్త నమోదుకు 20,000, రెండోసారికి 5,000 రూపాయలు. కాలం పదేళ్లు. కొత్త నంబరులో రాష్ట్రం కోడు తర్వాత వీఏ అని వస్తుంది. ఇప్పటికే నమోదైన బండి పాత నంబరు ఉంచుకోవచ్చు, ఉంచుకోండి. మీ లెడ్జరు మొత్తం ఆ నంబరు మీదే నిలబడి ఉంది. ఈ నమోదుతో రోజూ తిరగడానికి గానీ పెళ్లిళ్లకు కిరాయికి తిప్పడానికి గానీ వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు పోయించడం లాంటివాటికే. డీజిల్ ఇంజన్ దించిన కారుకు ఈ దారి కష్టం కాబట్టి బేరానికి ముందే ఆ సంగతి తేల్చుకోండి.

చివరి పని, మీ పేరెక్కిన ఆర్‌సీ, ఎక్స్‌ట్రాక్ట్, చాసిస్ కార్డు, పెన్సిల్ ప్రింటు నకళ్లను రెండు సెట్లు చేయించండి. ఒకటి బ్యాంకు లాకరులో, ఒకటి కారుకు దూరంగా వేరే ఇంట్లో. అసలు కాగితాలు లామినేషన్ చేయించొద్దు. పాత సిరా ఆ వేడికి పాడవుతుంది, తర్వాత ఊడదీయడం కుదరదు. యాసిడ్ లేని కవర్లలో, కర్పూరం గోళీలు కాకుండా ఎండిన వేపాకు వేసిన పెట్టెలో పెట్టి, ఏటా వానాకాలం దాటాక ఒకసారి నీడన ఆరబెట్టండి.